ఆమెన్‌కి ముందే అందుకోండి

దాచుకున్నానంటున్నావే, తీసి చూశావా ఎప్పుడైనా?

నిన్నే. ఇటు చూడు. తాళం వేశాను, గొళ్లెం పెట్టాను అని నాకు చెప్పకు. మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ఉందో లేదో తడిమి చూశావా? చూడలేదు. నాకు తెలుసు, ఎందుకంటే మేమూ చూడలేదు. అందుకే నా దినచర్యలోంచి కొన్ని రోజులు తీసి, తీరం వెంబడి నీళ్లమీద బతుకుతున్న సంఘాలన్నిటికీ పంపుతున్నాను. నేను అభిషేకం పొందిన పాస్టర్ని కాను. డీజిలింజన్లు బాగుచేసేవాణ్ణి. అక్షరాలు కూడబలుక్కున్నది బైబిలు వాక్యంలోనే. ఇంజను పక్కన అరిచి అరిచి అలవాటైన గొంతు నాది. రాతలో కూడా కాస్త గట్టిగానే వినబడుతుంది. ఓర్చుకోండి.

రోహిణి కార్తె, అమావాస్య పోటు

ఉదయం పోటు నిండుగా వచ్చింది. ఊరు పైకి లేచింది. మా ఊరంటే పంట్లే కదా! ఒకప్పుడు గోదావరి దాటించిన ఇనప పంట్లు, ఇప్పుడు ఒకదానికొకటి ఉక్కుతాళ్లతో కట్టుకుని పంట్లపేట అయ్యాయి. పోటుకి పంట్లు లేస్తే మా సిగ్నల్ స్తంభమూ లేస్తుంది. మునిగిన మేడల తలలు దాటి గట్టుమీది టవరుకి కనబడుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ రెండు మూడు రోజులు మాత్రమే ఆ భాగ్యం. అదీ పోటు నిలిచినంతసేపే. పాటు తీసిందా, సిగ్నల్ పోయినట్టే.

ఆ కాస్త సేపట్లోనే ఊరి సరుకంతా గట్టుమీదికి చేరాలి. బియ్యం వంతులు, పుట్టిన పిల్లల పేర్లు, ఇంజన్ల బొమ్మలు, ఏ నీళ్లలో ఏ చేప పడుతుందో ఆ గుర్తులు, అన్నీ. ఇక్కడి కంప్యూటరు పెట్టె మునిగినా అక్కడ ఒక ప్రతి ఉంటుంది. చదువుకున్నవాళ్లు దాన్ని బ్యాకప్ అంటారు. మేం యోసేపు కొట్టు అంటాం. పండిన కాలంలో కరువు కాలానికి ధాన్యం దాచిన మారాజు పేరు మీద.

ఆ పని కెజియాది. గట్టుమీంచి మా ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల. ఇప్పటికీ పంటు ఊగితే గోడ పట్టుకుంటుంది. పోటు దిగేముందు పెట్టెగది కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నీ భద్రం, అయ్యగారూ!" అని కేకేసింది. నేను మైకు తీసి, "అన్నీ భద్రం!" అన్నాను. ఊరంతా "హల్లెలూయ!" అంది. ప్రతి పోటుకీ మాకిది అలవాటే.

మధ్యాహ్నం రాహేలు అత్త వచ్చింది. మా నాన్నకి అక్క. పళ్లు కొన్నే మిగిలాయి, మాటలు మాత్రం ఒక్కటీ ఊడలేదు.

"ఒరే పరంజ్యోతీ, దాటిన దినం పండక్కి మీ మామ గంట పెట్టించు."

సముద్రం ఊళ్లమీదికి వచ్చిన రోజుని మేం దాటిన దినం అంటాం. ఆ రోజు పంటు మీద ఏడుస్తూ అత్త మొదలుపెట్టిందే మా గొలుసు ప్రార్థన. ఒకరు గంటసేపు, వెనకే మరొకరు గంటసేపు. ముప్పై ఏళ్లు దాటినా తెగలేదు. మైకు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, ఆ మైకు రికార్డు చేస్తూనే ఉంటుంది. మొదలుపెట్టిన రోజునుంచీ ఒకటే ఫైలు. అందులో ప్రార్థనలే ఉన్నాయనుకోకండి. కోడలి మీద చాడీలున్నాయి, ఉప్పుచేప పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో ఉంది, పురిటి కేకలున్నాయి, పోయినవాళ్ల పేర్లున్నాయి. దేవుడు అన్నీ వింటాడని మా వాళ్లకి గట్టి నమ్మకం.

"మామ గంట ఎందుకత్తా? నువ్వు చేసిన మొదటి గంట పెడదాం. జనం ఏడుస్తారు."

"జనాన్ని ఏడిపించే పని నువ్వు ఆదివారం ఆదివారం చేస్తున్నావుగా. ఒక్కరోజు నవ్వనీ."

దానియేలు మామకి దేవుడంటే భయం, కదలకుండా కూర్చోవడమంటే ఇంకా భయం. వంతు వచ్చినప్పుడల్లా ఎవరికో రెండు పీతలిచ్చి వాళ్లని కూర్చోబెట్టేవాడు. ఒకే ఒక్కసారి అత్త చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మైకు ముందు కూలేసింది. "ప్రభువా, ఇవాళ రొయ్యలు బాగా పడ్డాయి, నీకు స్తోత్రం" అన్నాడట. ఆ తరవాత గురక. గంటంతా గురకే. ఆ ఏడాది వానల్లో వలకెళ్లి తిరిగి రాలేదు. ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

"నవ్వడానికేలే" అని అత్త మళ్లీ అంది, నేను అడక్కుండానే. కళ్లు మాత్రం నీళ్లవైపు తిప్పుకుంది.

రోహిణి కార్తె, మర్నాటి పోటు

పాత డిస్కుని వెనక్కి తిప్పి ఇబ్బంది పెట్టొద్దు, కొట్టులోంచే తెప్పిద్దాం అంది కెజియా. సరే అడుగు అన్నాను. గట్టునుంచి జవాబు వచ్చింది. ఆ పిల్ల చదివి వినిపించలేక, తెర నావైపు తిప్పింది.

అలాంటి ఫైలు మా దగ్గర లేదు. ఎన్నడూ రాలేదు.

"ఎన్నడూ రాకపోవడమేంటమ్మా? నిన్ననే కదా అన్నీ భద్రం అన్నావు!"

"నేనన్లేదు అయ్యగారూ, అది అంది. నేను చదివాను." చూపుడువేలు తెర అడుగుకి తీసుకెళ్లింది. చీమ తలకాయంత అక్షరాలు. పరిమాణం మించిన ఫైళ్లు వదిలివేయబడినవి. "ఇంత కంటే పెద్దదైతే పంపొద్దు అని ఎవరో ఎప్పుడో హద్దు పెట్టారు. మొదట్లో గొలుసు చిన్నదై ఉండాలి, వెళ్లే ఉంటుంది, కానీ అప్పటి పాత కొట్టు ఎప్పుడో మూసేశారు. ఇది హద్దు దాటిన రోజునుంచీ దీన్ని పక్కన పెట్టేస్తోంది. పక్కన పెట్టింది కాబట్టి తప్పిపోయినట్టు కాదు. తప్పిపోలేదు కాబట్టి, అన్నీ భద్రం."

ప్రియులారా, నా రక్తం మరిగింది. నూరు గొర్రెల కథ మీకు తెలుసు. తప్పిపోయిన ఒక్కదానికోసం కాపరి కొండలెక్కాడు. ఈ కాపరి ఏం చేశాడు? తలుపులో పట్టని గొర్రెని లెక్కలోంచే కొట్టేశాడు. ఉన్నవి తొంభై తొమ్మిదే అనుకుని, తొంభై తొమ్మిదీ లోపలున్నాయి, హల్లెలూయ అన్నాడు. అన్నిటికంటే పెద్ద గొర్రె బయట వానలో తడుస్తోంది!

"హద్దు తీసెయ్" అన్నాను.

"తీసేశాను. ఇప్పుడు ఇంకో సంగతి చెప్పనా? తిట్టరుగా?"

"చెప్పు."

"డిస్కు చప్పుడు చేస్తోంది."

చెవి ఆనించి విన్నాను. ఇంజన్ల మనిషిని, ఆ చప్పుడు నాకు చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలి తిన్న బేరింగు. నిద్రలో పళ్లు కొరుకుతున్నట్టుంది. అంత పెద్ద ఫైలు పట్టే డిస్కు ఊళ్లో ఇంకోటి లేదు. వానలు తగ్గి పడవలు తిరిగేదాకా గట్టునుంచి రాదు.

మృగశిర కార్తె, పౌర్ణమి పోటు

మూడు రోజులు మూడు పోట్లూ పెనుగులాడాం.

మొదటిరోజు ఫైలు ఎక్కడం మొదలైంది. గింజంత వెళ్లిందో లేదో పాటు తీసింది. సిగ్నల్ పోయింది. మర్నాడు అక్కణ్ణుంచే అందుకుంటుందనుకున్నాం. లేదు. సగం వచ్చినదాన్ని కొట్టు నమ్మదట. పారేసి మళ్లీ మొదటినుంచి మొదలెట్టింది. ఎర్రసముద్రంలో సగం దూరం నడిచినవాణ్ణి మళ్లీ ఐగుప్తులో నిలబెట్టినట్టు! రెండోరోజు పడవ నడిపే ఇశాకు వెదుళ్లు కట్టి స్తంభం పొడుగు పెంచాడు. పాటు తీసినా కాసేపు సిగ్నల్ నిలిచింది, ఊరంతా చప్పట్లు కొట్టింది, గాలికి వెదురు విరిగి ఇశాకు మామగారి కోళ్లగూటి మీద పడింది.

"సిగ్నల్ రాలేదుగానీ గుడ్లు బాగా వచ్చాయి, ఆయ్" అన్నాడు ఇశాకు.

మూడోరోజు కెజియా కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "పోటు పదిరోజులు ఆగినా ఇది వెళ్లదు అయ్యగారూ. మనం పంపుతుండగానే ఇది పెరుగుతోంది కదా. మైకు దగ్గర ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. బయల్దేరినప్పుడు ఒక కొలత, చేరేసరికి ఇంకో కొలత. రెండూ కుదరక కొట్టు తిప్పి పంపేస్తుంది."

"మరి దారి?"

"ఈ ఫైలు ఇక్కడితో ముగించాలి. ముగించి, ముక్కలుగా కొయ్యాలి. ఒక్కో పోటుకి పట్టినన్ని ముక్కలు పంపాలి. మధ్యలో పాటు తీస్తే ఆ ఒక్క ముక్కే మళ్లీ పంపుతాం, మిగతావి చేరినవి చేరినట్టే ఉంటాయి." ఆగి, గొంతు తగ్గించింది. "మామ్మగారికి మీరే చెప్పాలి."

చెప్పాను. అత్త చేటలో రొయ్యలు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"దేన్ని కోస్తార్రా?"

"ఫైలుని అత్తా. ముక్కలు చేసి..."

"సిలువ కింద జూదమాడిన ఆ సైనికుల పాటి బుద్ధి లేదురా నీకు? ప్రభువుది కుట్టులేని అంగీ అని వాళ్లు కూడా చింపలేదు. చీట్లేసుకున్నారు."

నా ఆయుధంతో నన్నే పొడిచింది. నేనూ ఊరుకోలేదు. "ఐదు రొట్టెలు విరవకపోతే అన్ని వేలమంది కడుపులు ఎలా నిండేవత్తా?"

"రొట్టె తినేది. ఇది తినేదా?"

అప్పుడు ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఆ రోజు పంటుకీ పంటుకీ మధ్య తాడు తెగిందిరా. నువ్వు చంటివాడివి, నీకు తెలీదు. నేను చూశాను. తెగిన చోట ఎవరెవరు నిలబడి ఉన్నారో చెప్పమంటావా? ఏదైనా తెగితే ఆ తెగిన చోటునుంచే మనుషులు జారిపోతారు. తెగకుండా ఉండాలనే నేను నోరు మూయకుండా ప్రార్థన మొదలెట్టింది. మీ మామ అందులో ఉన్నాడు. కొయ్యనివ్వను."

వాక్యంలో వెతికితే దీనికి జవాబు దొరుకుతుందేమోగానీ, ఆ ముఖం చూస్తూ వెతకబుద్ధి కాలేదు.

మృగశిర కార్తె, చివర

అత్త పెట్టెగది గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఇవాళ్టికి ఇన్ని రోజులని లెక్కపెట్టడం కూడా మానేశాం.

"ముందు నన్ను కొయ్యండి. తరవాత దాన్ని కోద్దురుగాని."

"మామ్మగారూ, కాస్త జరగండి, లోపలికెళ్లాలి" అంది కెజియా.

"ఎల్లు. కత్తెరుందా చేతిలో?"

"దీనికి కత్తెర అక్కర్లేదండీ."

"గట్టోళ్లకి అన్నీ కత్తెర లేకుండా కొయ్యడం బాగా తెలుసు. తిన్నావా?"

"లేదండీ."

"కూచో." రొయ్యల వేపుడు, వేడన్నం. గుమ్మంలోనే కూర్చోబెట్టి కొసరి కొసరి పెట్టింది. "నిన్ను పని చెయ్యనివ్వను, అంతేగానీ పస్తుంచను."

ఊరిలో సగంమంది అత్తవైపే. మిగతా సగం కూడా ఆవిడ ఎదురుగా అత్తవైపే. నేను ప్రసంగించాను. కూలిపోయే ఇంట్లో కూర్చుని గోడలు కొలిచేవాడి గురించి అరిచాను, ఆకాశంనుంచి రాలిన మన్నా రొట్టెని దాస్తే తెల్లారేసరికి పురుగు పట్టడం గురించి అరిచాను. అత్త ముందు వరసలో కూర్చుని, అయిపోయాక, "గొంతు బాగుందిరా. కషాయం తాగుతున్నావా?" అంది.

డిస్కు చప్పుడు ఇప్పుడు గుమ్మం అవతలికి కూడా వినబడుతోంది. అత్తకీ వినబడుతోంది. చప్పుడు గట్టిపడినప్పుడల్లా పీట కాస్త లోపలికి జరుపుకుంటోంది, జబ్బుమనిషి మంచం దగ్గరికి జరిగినట్టు. ఆ పిచ్చి ప్రేమని ఏమని గద్దించను?

ఆరుద్ర కార్తె, మొదటి రోజులు

ఈ రోజు జరిగినది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

ఉదయం గొలుసులో నా వంతు. మైకు ముందు మోకాళ్లూని, మొత్తం తీరాన్నంతా మోసుకెళ్లి దేవుడి ముందు దింపుతున్నాను. నా తరవాత వంతు అత్తది. ఆవిడ ఎప్పుడూ పెందలాడే వస్తుంది. వచ్చి పక్కన కూర్చుని, నేనింకా పరలోకపు మెట్ల మీద ఉండగానే, "రాహేలు, అందుకున్నాను" అని మొదలెట్టేసింది.

ఇది మా గొలుసు కట్టుబాటు. వెనకవాడు పేరు చెప్పి "అందుకున్నాను" అనాలి. ముందువాడు అప్పటికింకా ప్రార్థిస్తూనే ఉండాలి. ఇద్దరి గొంతులూ కాసేపు కలిసి నడిచాకే ముందువాడు ఆమెన్ అని లేవాలి. మధ్యలో చీమంత మౌనం కూడా ఉండకూడదు.

నేను గొంతు పెంచాను. ఆవిడా పెంచింది. చివరికి మైకులోనే, "ఇంక ఆపరా, దేవుడికి చెవుడు లేదు!" అంది.

నేను ఆపాను. ఆమెన్ అనలేదు. ఆవిడ ముఖం చూస్తూ ఉండిపోయాను.

"ఏంట్రా, పక్షవాతమా?"

"అత్తా, ఈ క్షణాన మైకులో ఎవరున్నారు?"

"నువ్వూ నేనూ. నువ్వు పోతేగా నేనొక్కదాన్నే ఉండేది."

"ఈ ముప్పై ఏళ్లలో, ఒకడు ఆపేశాక ఇంకొకడు మొదలెట్టిన చోటు ఒక్కటైనా ఉందా?"

"ఉండనిచ్చానా? ఆ రూలు పెట్టిందే నేను."

"అయితే అక్కడే కోద్దాం!" నేను అరిచిన అరుపుకి బయట కోళ్లు ఎగిరాయి. "ఇద్దరూ ఉన్న చోటే కోద్దాం. ఆ ఇద్దరి గొంతులున్న కాస్తనీ ముందు ముక్క చివరా ఉంచుదాం, వెనక ముక్క మొదట్లోనూ ఉంచుదాం. రెండుచోట్లా! ఏ ముక్క తీసినా దాని చెయ్యి పక్కదాని చేతిలో ఉంటుంది. ఎవరూ జారిపోరు. నువ్వు అల్లిందే ఇది. ఇది ఒకే దారం కాదత్తా, ఏనాడూ కాదు. కొక్కెంలో కొక్కెం వేసిన గొలుసు."

అత్త మాట్లాడలేదు. గొలుసులో మౌనం ఉండకూడదు కాబట్టి నేనే "స్తోత్రం, స్తోత్రం" అంటూ నడిపించాను. కాసేపటికి ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"కొత్త రికార్డు కూడా అలాగే మొదలెట్టాలి. పాతది నడుస్తుండగానే. రెండింటిలోనూ నా గొంతే ఉండాలి."

"అలాగే."

"గట్టుపిల్లని పిలు. వంకరగా కోస్తే ఊరుకోనని చెప్పు." తరవాత మైకువైపు తిరిగి, "ప్రభువా, వీడు ఇప్పుడు చెప్పిన మాట బాగుంది. దీన్ని పొడిగించకుండా చూడు" అంది.

ఆమెన్ అన్నాను.

ఆరుద్ర కార్తె, అమావాస్య పోటు

పాత మైకు పక్కన కొత్త మైకు పెట్టాం. అత్త రెండింటి మధ్యా కూర్చుంది. కెజియా చిన్న కార్డు మీద కొత్త ఫైలు మొదలెట్టింది. రెండు ఎర్రలైట్లు వెలిగాయి. అత్త దాటినవాళ్ల పేర్లూ, దాటలేకపోయినవాళ్ల పేర్లూ చెబుతూ ఉంది. కెజియా వేలు మీట మీద పెట్టి అత్తవైపు చూసింది. అత్త పేర్లు ఆపకుండానే తల ఊపింది. పాత లైటు ఆరింది. పక్కది వెలుగుతోంది. గొలుసు తెగలేదు.

ఇక కోత. "అందుకున్నాను" అన్న మాట ఎక్కడెక్కడుందో కెజియా పెట్టె చేతే వెతికించింది. అది దొరికిన ప్రతిచోటా ముక్క. ప్రతి ముక్కకీ పేరు, పక్కన ఒక సరిచూపు సంఖ్య. గట్టుమీద మళ్లీ లెక్కకడితే అదే సంఖ్య రావాలి, రాకపోతే ముక్క చెడిపోయినట్టు. పోటుకి కొన్ని ముక్కలు బయల్దేరాయి. పాటు తీసినప్పుడు మధ్యలో ఉన్న ఒక్కటే ఆగింది. మిగతావి కొట్టుకి చేరాయి.

కానీ గొలుసు పెద్దది, పోట్లు చిన్నవి, డిస్కు చావుబతుకుల్లో ఉంది. కొట్టు నిండేదాకా అది ఆగదు. అప్పుడు నాకు గోడ గుర్తొచ్చింది. యెరూషలేము గోడ కూలితే, దాన్ని లేపడానికి రాజు కొలువులోంచి వచ్చిన పానదాయకుడు కూలీల్ని పెట్టలేదు. ఎవరింటి ఎదుటి గోడ వాళ్ల చేతే కట్టించాడు. మైకు తీశాను.

"మీ ఇంటివాళ్ల గంటలు మీరే మొయ్యండి! మాటల కార్డులు, పాటల కార్డులు, పిల్లల ఆటల కార్డులు, ఏ మెమరీ కార్డుంటే ఆ కార్డు చెరిపి పట్టుకురండి!"

వచ్చారు. పెట్టెగది ముందు వరస కట్టారు. కెజియా ఎక్కించడం, అత్త కొవ్వొత్తి మైనంతో కార్డుకి పూత వేసి రేకుడబ్బాలో పెట్టి చేతికివ్వడం. "ఇదిగో మీ అమ్మ. జాగ్రత్త, ఆవిడకి తడంటే పడేది కాదు." "ఇదిగో మీ తాత. అబద్ధాలు ఎక్కువ చెప్పేవాడు, అయినా ఉంచుకో."

"మామ్మగారూ, అయ్యగారి గంటలు మాత్రం మా ఇంటికొద్దండీ" అన్నాడు ఇశాకు. "కార్డు పగిలిపోద్ది."

"అవి గట్టుకి పంపవే పిల్లా" అంది అత్త. "దూరంనుంచి బాగుంటాయి."

మూడోనాటి సాయంత్రానికి దాదాపు అంతా బయటపడింది. చివర్న కెజియా నన్ను లోపలికి పిలిచింది.

"డిస్కు మీద ఒకచోట మచ్చ అయ్యగారూ. అక్కడ చదవట్లేదు. చల్లారనిచ్చి మళ్లీ చూశాను. పక్కకి ఒరిగించి చూశాను. ఒక్క గంటే." తెరమీది పేరు మీద వేలు పెట్టింది. "దానియేలుగారిది."

చూస్తుండగానే డిస్కు కీచుమని, నిట్టూర్చినట్టు ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

నేను చెబుతానన్నాను. వద్దంది. తనే వెళ్లి అత్త ముందు నేలమీద కూర్చుని చెప్పింది. అత్త మైనం అంటిన వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ విన్నది.

"పోన్లే పిల్లా. నువ్వేం చేస్తావు? అప్పుడు వలకెళ్లి పోయాడు, ఇప్పుడు ఇలా పోయాడు. ఒకచోట కుదురుగా ఉండే మనిషైతేగా!"

నవ్వబోయింది. రాలేదు. లేచి ఇంటికెళ్లింది. ఆ తరవాతి వంతు ఆవిడదే, రాలేదు. ఎవరిని పంపాలా అని నేను చూస్తుండగా, ఇన్నేళ్లలో ఎన్నడూ మైకు దగ్గరికి రాని పిల్ల, గట్టు యాసకి నవ్వుతారని సిగ్గుపడే పిల్ల, వెళ్లి కూర్చుంది.

"కెజియా, అందుకున్నాను."

పునర్వసు కార్తె, పౌర్ణమి పోటు. దాటిన దినం.

తెర మళ్లీ "అన్నీ భద్రం" అంది. ఈసారి నేను మైకు తీయలేదు.

"ఒక ముక్క వెనక్కి తెప్పించు" అన్నాను కెజియాతో. "విన్నాకే హల్లెలూయ."

ఏ ముక్క అని అడగలేదు ఆ పిల్ల. అప్పటికే ఎంచుకుని ఉంది. పండగకి ఊరంతా నడిమి పంటు మీద చేరింది. పాయసం గిన్నెలు తిరుగుతున్నాయి. అత్త రానంది. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఒకప్పుడు ఆవిడ మామని కూలేసినట్టు, ముందు వరసలో కూలేశాను.

గట్టునుంచి ముక్క వచ్చింది. కెజియా సరిచూపు సంఖ్య చూసింది. కుదిరింది. అది మామ గంట కాదు, ఆ తరవాతిది. అత్త సొంత గంట. లౌడుస్పీకరు గరగరలాడింది.

ఆ గరగర స్పీకరుది కాదు. గురక!

నీళ్లలో ఇసుక ఈడ్చినట్టు, నిండు కడుపుతో, నిశ్చింతగా, హాయిగా గురక. దాని మీద అత్త గొంతు. పడుచు గొంతు.

"రాహేలు, అందుకున్నాను. ప్రభువా, నీ దాసుణ్ణి క్షమించు... లెయ్యి మావా. దయగల తండ్రీ... లెయ్యి, దేవుడు వింటున్నాడు!"

గురక తెగింది. మత్తుగా ఒక మగ గొంతు. "ఆఁ? అయిపోయిందా? ఆమెన్, ఆమెన్. పులుసు వండావా?"

పంటు ఊగేలా నవ్వారు జనం. నేనూ నవ్వాను, గడ్డం తడిసేలా. మామ గంట పోయింది, దాన్ని ఎవరూ తేలేరు. కానీ పక్క ముక్క దాని చెయ్యి వదల్లేదు. గుక్కెడు గురక, నాలుగు మాటలు. అత్త అంతవరకూ ఊపిరి తీసిందో లేదో నాకు తెలీదు.

"మళ్లీ పెట్టు" అంది.

కెజియా పెట్టింది. మళ్లీ పెట్టింది. అత్త ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, మొటిమ ఉన్న బుగ్గ గట్టిగా గిల్లింది.

"వంకరగా కొయ్యలేదే గట్టుపిల్లా."

అప్పుడన్నాను మైకులో, హల్లెలూయ అని. ఊరు నాకంటే గట్టిగా అంది.

సహోదరులారా, సహోదరీలారా! మా గొలుసు ముక్కలు కార్డుల్లోంచి ఇంకా పోటు పోటుకీ గట్టెక్కుతూనే ఉన్నాయి. నేను మిమ్మల్ని అడిగేది మాకోసం కాదు. మీ తెర కూడా అన్నీ భద్రం అంటోందా? అడుగున ఉన్న చీమ తలకాయ అక్షరాలు చదవండి. అది దేన్ని వదిలేసిందో చూడండి. అన్నిటికంటే పెద్దదాన్నే వదిలేసి ఉంటుంది. మీరు అన్నిటికంటే ఎక్కువ ప్రేమించినదాన్నే. అది పట్టకపోతే వదలకండి, కొయ్యండి. ఇద్దరి గొంతులు కలిసిన చోట కొయ్యండి. ముక్క ముక్కకీ గుర్తు వెయ్యండి, ఇంటింటికీ పంచండి, పంచినదాన్ని తెరిచి వినండి. పండగయ్యాక చూద్దాం అనకండి. వానలు తగ్గాక అనకండి. ఉప్పుగాలి మీ తీరికకోసం ఆగదు. మీ పక్కన గురకపెట్టే మనిషి కూడా ఆగడు.

ఇవాళే. ఇది చదవడం అయిపోగానే. ఈ కాగితం కింద పెట్టు.

లెయ్యి. పోటు ఉండగానే వెళ్లు.